శేరు తవుడుకు అమ్మిన బిడ్డ

ఆడికృత్తిక పండగ నాడు తిరుత్తణి మురుగన్ కొండ మెట్లెక్కే వాళ్ళలో చాలామందికి మస్తానయ్య పేరు తెలియదు. ఆయన పోసిన నీళ్ళు మాత్రం వాళ్ళ అరికాళ్ళకు తెలుసు. ఆ ఎండకు రాతిమెట్లు పెనంలా కాలుతాయి. కావడి భుజానికెత్తుకున్నవాళ్ళు చెప్పులు వేసుకోరు. సగం కొండ దగ్గర, బరువుకు మోకాళ్ళు వణికే చోట, మస్తానయ్య బిందె పట్టుకొని నిలబడి వాళ్ళ ముందున్న మెట్టు తడుపుతాడు. కాలు జారేంత పోయడు, చల్లబడేంత పోస్తాడు. పసిపిల్లలు కనబడితే రెండు దోసిళ్ళు వాళ్ళ పాదాల మీదే పోసి, "పో నాయనా, సామి చూస్తా ఉండాడు" అంటాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఆయనకు తెలిసిన పూజ అదొక్కటే.

మిగతా సంవత్సరమంతా కడంబత్తూరు దగ్గర తన రెండెకరాల్లో వేరుశనగ వేసుకొని బతుకుతాడు. పొద్దున్నే నొసట విభూది పెట్టుకోనిదే పాలచెంబు ముట్టడు.

ఆయన మనవరాలు తనుశ్రీ అయిదో తరగతి. ఇంట్లో ఏం జరిగినా అమ్మ ఫోనులో తీసి లోకానికంతా చూపిస్తుంది. గేదె ఈనింది, అమ్మ కొళంబు మాడ్చింది, నాయన నోరు తెరుచుకొని గురక పెడుతున్నాడు, అన్నీ అందులోకే. ఎవరెవరో గుండె బొమ్మలు పంపిస్తే గంతులు వేస్తుంది. ఒక సాయంత్రం తాత పక్కన చేరి ఫోను ఎత్తి పట్టుకుంది.

"తాతా, నీ పేరెందుకు అట్ల పెట్టినారు? బళ్ళో అందరూ నవ్వతా ఉండారు."

మస్తానయ్యకు సంతోషమైంది. ఈ సంగతి అడిగేవాళ్ళే లేరు ఈ మధ్య. ఆయన తల్లి మీనాంబకు వరసగా ముగ్గురు బిడ్డలు పురిటిలోనే పోయారు. నాలుగోసారి పుట్టినవాణ్ణి చేటలో పడుకోబెట్టుకొని, పదకొండో రోజు నడిచి వెళ్ళి మస్తాన్ దర్గా గడప మీద పెట్టింది. అక్కడి పెద్ద సాయిబు శేరు తవుడు కొలిచి ఆమె కొంగులో పోసి, చేట ఎత్తుకున్నాడు. "ఇంక వీడు నా బిడ్డమ్మా. నీ దగ్గర పెంపకానికి పెడతా ఉండా, బాగా చూసుకో" అని మళ్ళీ ఆమె చేతికే ఇచ్చాడు. పరాయి బిడ్డ జోలికి చావు రాదని నమ్మకం. ఆ చావుకు వినపడాలనే, ప్రతి సందెవేళా మీనాంబ వాకిట్లో నిలబడి "మస్తానూ" అని గొంతెత్తి పిలిచేది. వాడు పక్కనే ఉన్నా సరే పిలిచేది.

తనుశ్రీ దాన్ని తన మాటల్లో, సాయిబును భాయి అనే అరవంలో చెప్పేసింది. "మా తాతను చిన్నప్పుడు ఒక భాయికి అమ్మేసినారు, తెలుసా? శేరు తవుడుకే! ఇప్పటికీ ఆయన భాయి బిడ్డే. మురుగన్ మెట్ల మీద నీళ్ళు పోస్తాడు." పక్కన మస్తానయ్య రాలిన పన్ను సందు కనబడేలా నవ్వుతున్నాడు.

నాలుగు రోజులకు ఆ నవ్వును ఒక రాజకీయపు పేజీ వాళ్ళు ఎత్తుకెళ్ళారు. తవుడు మాటను కోసేశారు. పిల్ల చెప్పిన వాటిలో తమకు పనికొచ్చిన మూడు ముక్కలు మిగిల్చుకున్నారు. ఎవరిదో గంభీరమైన గొంతు పైన అతికించారు. "మన బిడ్డల్ని కొన్నవాళ్ళు ఇప్పుడు మన కొండ ఎక్కారు. ఆ నీళ్ళలో ఏం కలిపారో ఎవరికి తెలుసు? ఇది నీళ్ళ జిహాద్. హిందువా, మేలుకో." రెండు రోజుల్లో లక్షల మంది చూశారు. అవతలి పార్టీ వాళ్ళూ ఊరుకోలేదు. తెల్ల టోపీ ఒకటి తెచ్చి, విభూది పక్కనే అది కూడా పెట్టుకొని తమ మీటింగులో ఫోటో దిగమన్నారు. మస్తానయ్య వాళ్ళకు మజ్జిగ ఇచ్చి పంపించాడు.

కృత్తికకు మూడు రోజులుందనగా అరుణాచలం వచ్చాడు. ఊరి కావడి గుంపుకు ఆయనే పెద్ద. తిరువళ్ళూరులో బట్టల కొట్టు ఉంది. వెంట మస్తానయ్య కొడుకు నందకుమార్ తల వంచుకొని వచ్చాడు.

"మామా, నీ సంగతి నాకు తెలీదా? మా నాయనతో కొండెక్కినోడివి. అయితే జనం అడగతా ఉండారు."

"ఏమనబ్బా?"

"నువ్వు తురకోడివా అని."

"నా నొసట విబూది నీకు కనపడలే?"

"నాకు కనపడతాది మామా. ఫోన్లో కనపడలేదంట." అరుణాచలం గొంతు తగ్గించాడు. "ఒక వీడియో చాలు. మా అమ్మ తెలీక చేసింది, ఆమెను మోసం చేసినారు, ఈపొద్దు నుంచి నా పేరు సుబ్రహ్మణ్యం అని చెప్పు. లేదంటే ఈ తూరి మాతో రావద్దు. నువ్వు మెట్ల కాడ నిలబడితే మా కావడ్లకు రాళ్ళు పడతాయి."

మస్తానయ్య కొడుకు వైపు చూశాడు.

"చెప్పేయ్ నాయనా. ఫ్యాక్టరీలో నన్ను పాకిస్తానోడా అని పిలస్తా ఉండారు. అవ్వ పోయి ముప్పై ఏండ్లాయె. ఆమెకేమన్నా వినపడతాదా?"

మస్తానయ్యకు కొండ మీద ఆ మెట్టు గుర్తొచ్చింది. దాని మూల విరిగిన చోటు కూడా గుర్తొచ్చింది.

"సరే" అన్నాడు.

ఫోను తనుశ్రీ చేతికే ఇచ్చారు. కదలకుండా పట్టుకోవడం ఆ ఇంట్లో ఆ పిల్లకే వచ్చు. అరుణాచలం ఒక్కో మాట అందిస్తే మస్తానయ్య అప్పజెప్పాడు. 'మా అమ్మ బుద్ధి లేనిది' అనే చోట గొణిగాడు.

"గట్టిగా మామా."

రెండోసారి దగ్గు వచ్చింది.

"తాతా, కిందికి చూడొద్దు, నన్ను చూడు" అంది తనుశ్రీ.

మూడోసారికి సరిగ్గా వచ్చింది.

కృత్తిక నాడు గుంపంతా పసుపు బట్టలతో కడంబత్తూరులో రైలెక్కింది. తాత వెంట తనుశ్రీ కూడా ఎక్కింది. "సుబ్రహ్మణ్యం మామా, ఇట్ల రా" అని అరుణాచలం రెండుసార్లు పిలిచినా మస్తానయ్య తిరగలేదు. ఆ పెట్టెలోనే దర్గా సాయిబు మనవడు కూర్చొని ఉన్నాడు. అరక్కోణం పనికి పోతున్నాడు. వీడియోలు రెండూ చూసే ఉంటాడు. చూడనట్టే లేచి, "కూర్చో అన్నా, మోకాళ్ళ నొప్పులు గదా నీకు" అని తన చోటిచ్చాడు. మస్తానయ్య తిరుత్తణి దాకా నిలబడే ఉన్నాడు. ఆ చోటు ఖాళీగానే వచ్చింది.

సగం కొండ దగ్గర పూలమ్మే మునియమ్మ ఎప్పటిలాగే కొళాయి కింద బిందె నింపి ఇచ్చింది. ప్రతి ఏడూ ఆయన కోసం పెరుగన్నం తెస్తుంది. ఈసారీ తెచ్చింది. చేతికివ్వకుండా, పూలబుట్ట చాటున పెట్టి కళ్ళతో చూపించింది.

పది గంటలకు కావళ్ళు మొదలయ్యాయి. మస్తానయ్య మెట్టు తడిపాడు. ముందు వచ్చిన కుర్రవాళ్ళు ఆగారు. "రేయ్, వీడియోలో తాత" అన్నాడొకడు. "యా వీడియో?" "భాయి కొన్నాడే, ఆ తాత." రెండో వీడియోను వందమంది కూడా చూడలేదు. కుర్రవాళ్ళు తడిని దాటి పైమెట్టు మీదికి దూకారు. ఆ వెనక పాలబిందె నెత్తిన పెట్టుకున్న చూలాలు వచ్చింది. కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి.

"తడి మీద పెట్టమ్మా, చల్లగుంటాది" అన్నాడు మస్తానయ్య.

ఆమె కాలు ముందుకొచ్చింది. వెనక నుంచి అత్తగారు కసిరింది. ఆ కాలు పక్కకు జరిగి ఎండిన రాయి మీద పడింది.

తరువాత అరుణాచలం కావడి వచ్చింది. మస్తానయ్య ముఖం వెలిగింది. ఉన్న నీళ్ళన్నీ ఆయన ముందు పోశాడు. అరుణాచలం తడి అంచున ఆగాడు. ఒకసారి వెనక జనాన్ని చూశాడు. మెట్టు చివర ఎండిన మూల మీద పాదం మోపాడు. అరికాలు కాలి మొహం ముడుచుకుపోయింది. "అరోహరా" అని గట్టిగా అరిచి, మస్తానయ్య వైపు చూడకుండా ఎక్కిపోయాడు.

రెండో బిందె మోసుకొచ్చిన తనుశ్రీ అదంతా చూసింది.

"మనం చెప్పేసినాం గదా తాతా? అంతా చెప్పినాం గదా? మల్లా ఎందుకు దాటుకోని పోతా ఉండారు?"

మస్తానయ్య ఆ పిల్ల చేతిలోని బిందె అందుకోలేదు. మెట్టు వైపే చూస్తున్నాడు. ఎండకు తడి అంచుల నుంచి లోపలికి జరుగుతూ, నడిమధ్య అరచేయంత మిగిలి, ఒక్క అడుగైనా పడకుండానే ఆరిపోయింది.