కెంజీ గారి మడమ

ఏడేళ్ళుగా నేను ఒక మనిషిని మోస్తున్నాను. మామూలు మనిషి కాదు, సుమో వస్తాదు. మోసేది మనసులో కాబట్టి నడుము పట్టెయ్యలేదు గానీ, నిద్ర మాత్రం సరిగ్గా పట్టడం లేదు.

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇంతకన్నా మంచి స్నేహం ఎక్కడ దొరుకుతుంది? పేర్లు మార్చాను. మార్చి ఏం లాభం? అమెరికాలో, అందులోనూ శాన్ రామన్‌లో, సుమో వస్తాదు పక్కింట్లో ఉండే తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారు! గుర్తుపట్టినవాళ్ళు దయచేసి పట్టనట్టే ఉండండి.

కెంజీ గారు మా పక్కింటాయన. పదిహేనో ఏట జపాన్‌లో సుమో శిక్షణశాలలో చేరారట. అక్కడ కొత్తవాళ్ళు అందరికన్నా ముందు లేచి, అందరూ తిన్నాక తినాలి. ఊడవాలి, వండాలి, పెద్దవాళ్ళ వీపులు రుద్దాలి. అలా ఏళ్ళ తరబడి గిన్నెలు తోమి, దెబ్బలు తిని, చివరికి జీతమిచ్చే శ్రేణికి ఎక్కారు. ఆ మెట్టు మీద ఉన్నవాడికి పట్టు నడికట్టు, గౌరవం, పనులు చేసిపెట్టే శిష్యులు. ఆ మెట్టు దిగితే మళ్ళీ తనే ఇంకొకరి వీపు రుద్దాలి. మొదటిసారి ఇది విన్న రోజున నేను ఆయనకి నా వీసా కష్టాలు చెబుదామని కంచె దగ్గరికి వెళ్ళాను. ఏమీ చెప్పకుండా తిరిగొచ్చాను.

శనివారాలు పొద్దున పిల్లలకి సుమో నేర్పేవారు. పిల్లలు ఆయన్ని 'సెన్సే' అనేవారు, అంటే గురువుగారని. కూచిపూడి క్లాసులో ఖాళీ లేక మా అన్వి అక్కడ చేరింది. అప్పుడు దానికి పదేళ్ళు.

ఆ ఏడాది విజయదశమికి మా ఆవిడ కెంజీ గారిని భోజనానికి పిలిచింది. గురువుగారు కదా, పాదాలకి దండం పెట్టమని అన్వికి చెప్పింది. పిల్ల వంగి చేతులు చాపిందో లేదో, ఆయన ఒక్క గెంతు వెనక్కి గెంతారు. వెనకాల బొమ్మల కొలువు ఉంది. మా ఆవిడ పెళ్ళయిన దగ్గర్నుంచీ కూడబెట్టిన బొమ్మలు. పెళ్ళికొడుకు సోఫా కిందికీ, పల్లకీ వంటింట్లోకీ వెళ్ళిపోయాయి. కూర్మావతారం ఒక్కటే నిలబడింది, అది ఎలాగూ కిందే ఉంటుంది కాబట్టి.

భోజనాలయ్యాక ఆయనా నేనూ నేలమీద కూర్చుని బొమ్మలు అతికించాం. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. నాకు మాత్రం అది తెలుగులోనే గుర్తుంది.

"సారీ," అన్నారు ఆయన, అంత పెద్ద వేళ్ళతో పెళ్ళికూతురి బొమ్మ తలని సుతారంగా పట్టుకుని. "కింద నుంచి చెయ్యి కాలి వైపు వస్తే కాలు వెనక్కి పోతుంది. నన్నడగదు."

ప్రత్యర్థి కాలు పట్టి పడేసే పట్టు ఒకటుందట సుమోలో. దాన్ని తప్పించుకోవడానికి చేసిన సాధన అది.

"దానివల్ల ఎప్పుడైనా ఓడిపోయారా?"

ఆయన జిగురు ఆరడానికి ఊదారు. "పోటీల చివరి రోజు. ఆ ఒక్కటీ గెలిస్తే నా మెట్టు నాకుంటుంది. గెలుస్తున్నాను కూడా. ఒక్క అడుగు వెనక్కి వేశాను. మడమ వలయం గీత దాటింది. దాటితే ఓటమే."

"ఎవరు తోశారు?"

"ఎవరూ తోయలేదు. అదే నా బాధ. ఎవరైనా తోసి ఉంటే వాడి మీద కోపం తెచ్చుకునేవాణ్ణి."

ఆ మెట్టు దిగారు. తర్వాత మోకాలు పోయింది. సుమో వదిలేస్తున్న గుర్తుగా జుట్టు ముడి కత్తిరించుకుని, భార్యతో ఇక్కడికి వచ్చేశారు. "ఇంట్లో కాలు జారితే ఫర్వాలేదు. వలయంలో మాత్రం మడమకి కళ్ళుండాలి. అమెరికా వచ్చాక ఒక్కసారి కూడా గీత దాటలేదు," అన్నారు. అలా అన్నప్పుడు ఆయన ముఖంలో కనబడిన గర్వం నాకు ఇంకా గుర్తుంది. అంత నమ్మకంగా చెప్పిన మాటని నేనేం చేశానో ఇప్పుడు చెబుతాను.

మరుసటి వేసవిలో మా తెలుగువాళ్ళ పిక్నిక్‌కి కెంజీ గారిని పిలిచారు. దమ్మున్న నాన్నలెవరైనా ఆయన్ని వలయం దాటించాలని ఆట పెట్టారు. నేను అసలు వెళ్ళేవాణ్ణి కాదు. కానీ దానికి ముందు వారం మా ఇంట్లో నలుగురు కూర్చుని ఉండగా అన్వి, "మా నాన్న ఆవకాయ సీసా మూత కూడా తియ్యలేడు, అమ్మే తీస్తుంది," అని చెప్పింది. నిజమే. అయినా నిజాలన్నీ నలుగురిలో చెప్పాలా? మా తోడల్లుడు శాంటా క్లారా నుంచి వచ్చి ఉన్నాడు. జిమ్ముకెళ్ళే మనిషి. వాడు నవ్విన నవ్వు నాకు మూడు రోజులు అన్నం సహించనివ్వలేదు.

అప్పుడు గుర్తొచ్చింది కొలువు.

ఒక్క క్షణంలో పుట్టిన దుర్బుద్ధి అని చెప్పుకుంటే నాకు కొంచెం హాయిగా ఉండేది. కాదు. వారమంతా సాధన చేశాను. ఎదురుగా నిలబడే మనిషి కావాలి కదా, అంత వెడల్పున్నది మా ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే. మోకాలు నేలకి తగలకుండా వంగి ఫ్రిజ్ పాదాలకి దండాలు పెట్టాను. సుమోలో అరికాలు తప్ప ఒంట్లో ఇంకేది నేలని తాకినా ఓడినట్టే. మా ఆవిడ చూసి, "ఏం పోయిందండీ?" అంది. "ఉంగరం," అన్నాను. ఆవిడ కూడా కాసేపు వెతికింది.

ఇంకొకటి కూడా ఉంది. మొదలుపెట్టాను కాబట్టి అదీ చెప్పేస్తాను. గడ్డి మీద వలయం వేయడానికి మొక్కలకి నీళ్ళు పెట్టే హోస్ నేనే తెచ్చాను. మా గరాజ్‌లో రెండు హోస్‌లున్నాయి. నేను చిన్నది తెచ్చాను.

పిక్నిక్ రోజు మైకు మా బావమరిది రమణ చేతిలో ఉంది. మా తోడల్లుడు చొక్కా విప్పి మరీ వెళ్ళి, గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చాడు. ఆ తర్వాత ముగ్గురు నాన్నలు కలిసి తోశారు. కెంజీ గారు ఆవలించారు. ఆఖరున నేను లేచాను.

"బావా, ఇన్సూరెన్స్ ఉందా?" అని రమణ మైకులో అడిగాడు. అన్వి ముఖం కప్పుకుని, "నాన్నా, ప్లీజ్ డోంట్. సెన్సే విల్ బ్రేక్ యూ!" అని అరిచింది.

ఇద్దరం వంగాం. సుమోలో ఈల ఉండదు. ఇద్దరి చేతులూ నేలకి ఆనగానే మొదలు. ఆయన లేచారు. నేను లేవలేదు. రెండు చేతులూ చాపి, భక్తిగా, ఆయన పాదాల మీదికి వెళ్ళాను.

కాలు వెనక్కి వెళ్ళింది. ఆయన్ని అడగలేదు. హోస్ చిన్నది. మడమ గీత అవతల గడ్డి మీద పడింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత రమణ గొంతు చించుకుని, "మన సంస్కారం గెలిచిందండీ! కుస్తీకి ముందు పెద్దాయన కాళ్ళకి దండం పెట్టాడు మా బావ!" అన్నాడు. చప్పట్లు, ఈలలు. కళ్ళు తుడుచుకున్న ఆంటీలు కూడా ఉన్నారు. అన్వి పరుగెత్తుకొచ్చి మెడకి వేలాడింది. దాని బరువుకి పడబోయాను, కెంజీ గారే పట్టుకున్నారు.

ఆయన తన మడమ వైపు చూసుకుంటున్నారు.

"నువ్వు తోశావా?" అని మెల్లగా అడిగారు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. తోయలేదు, అంతకన్నా నీచమైన పని చేశాను, కావాలనే చేశాను అని. పిల్ల నా మెడ పట్టుకుని ఉంది. తోడల్లుడు చొక్కా తొడుక్కుంటూ చూస్తున్నాడు. "లేదు కెంజీ సాన్. మీరంటే గౌరవం, అంతే," అన్నాను.

"అయితే ఈసారి కూడా ఎవరూ తోయలేదు," అన్నారాయన. నాకన్నా కిందికి వంగి నాకు నమస్కరించారు.

తర్వాతి శనివారం నుంచి ఆయన వలయంలోకి దిగలేదు. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పారు. తల్లిదండ్రులు అడిగితే, "మడమకి చూపు పోయింది," అని నవ్వారు. ఏడాది తిరిగేసరికి క్లాసు ఆపేశారు. వయసు మీద పడింది పాపం అన్నారందరూ. నేనూ అన్నాను. అవును, నేనూ అన్నాను! ఆయన మడమకి ఏ జబ్బూ లేదని ఈ భూమి మీద తెలిసిన ఏకైక మనిషిని నేను, వాళ్ళతో కలిసి చుచ్చుచ్చు అన్నాను.

క్లాసు ఆపిన రోజున నాకొక బహుమతి ఇచ్చారు. సుమో వస్తాదులు ఎర్ర సిరాలో అరచెయ్యి అద్ది అభిమానులకి ఇస్తారట. ఆయన అద్దిన చివరి చెయ్యి అదేనట. పక్కన జపనీస్‌లో ఏదో రాశారు. అర్థం అడిగితే, "మర్యాద తెలిసినవాడికి," అన్నారు. మా ఆవిడ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. అన్నం పళ్ళెం అంత ఉంటుంది ఆ చెయ్యి. నేను ఎక్కడ కూర్చున్నా సరిగ్గా నా చెంప ఎత్తులోనే ఉంటుంది. రెండుసార్లు సోఫా జరిపి చూశాను.

ఆయనకి తెలుసేమో? కొలువు దగ్గర తన కాలి సంగతి చెప్పింది ఆయనే కదా. తెలిసే ఆ చెయ్యి ఇచ్చారేమో? లేక దండం పెట్టినవాణ్ణి అనుమానించడం తప్పనుకుని ఆ తప్పు కూడా తన మడమ మీదే వేసుకున్నారా? మొదటిదైతే నేను దొరికిపోయిన దొంగని. రెండోదైతే ఇంకా దొరకని దొంగని. ఏది నయమో ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, అన్వి కాలేజీలకి దరఖాస్తు పెడుతోంది. తన జీవితాన్ని మలిచిన సంఘటన గురించి వ్యాసం రాయాలట. రాసింది. పోయిన ఆదివారం భోజనాల బల్ల దగ్గర మాకు చదివి వినిపించింది. వినయంతో వస్తాదుని గెలిచిన తండ్రి కథ. మా ఆవిడ ముక్కు చీదుకుంది.

"నాన్నా, ఇట్స్ ఆల్ ట్రూ కదా? నేనేం ఎగ్జాజరేట్ చెయ్యలేదు కదా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాను. గోడ వైపు చూడలేదు.

నిన్న సాయంత్రం కంచె దగ్గరికి వెళ్ళాను. కెంజీ గారు గులాబీలకి నీళ్ళు పెడుతున్నారు. మీ మడమ బంగారంలాంటి మడమండీ, తప్పంతా నాది అని చెబుదామని నోరు తెరిచాను. "మీ హోస్ బాగుంది," అని వచ్చేశాను.

అందుకే ఇలా రాస్తున్నాను. కెంజీ గారికి తెలుగు రాదు. అన్వి మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఇదంతా తెలిసే తెలుగులో రాస్తున్నానంటే, ఇదీ గరాజ్‌లోంచి చిన్న హోస్ తెచ్చుకోవడమేనని నాకు తెలుసు.

కానీ మా ఆవిడ చదువుతుంది. తెలుగులో అచ్చయింది ఏదీ వదలదు. కొలువు దగ్గరికి రాగానే ఆగుతుంది. ఫ్రిజ్ దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడుతుంది. ఆ తర్వాత పక్కింటికి ఎవరు వెళ్ళాలో, ఆ వ్యాసం ఏమవ్వాలో నా చేతుల్లో ఉండదు. భయంగా ఉంది. ఏడేళ్ళలో మొదటిసారి ఒళ్ళు తేలిగ్గా కూడా ఉంది.

రాయమని నన్ను ఎవరూ అడగలేదు. ఎవరూ అనుమానించలేదు. ఎవరూ తోయలేదు. ఈ కాలు నేనే బయట పెట్టాను.