మా వదిన కాళ్ళు చేసే పనికి వెళ్ళిన వైనం

మా వదిన పద్దెనిమిదేళ్ళు బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసింది. అక్కడ ఒక్కొక్కరిదీ ఒక్కో కుట్టు. ఆమెది మడమ దగ్గర రెండు తోలు ముక్కల్ని కలిపే నిలువు కుట్టు. బల్ల మీదికి ఎడమవైపు నుంచి ముక్కలు వచ్చేవి, కుట్టి కుడివైపుకు తోసేది. పూర్తయిన బూటును దుకాణం అద్దంలోంచి చూడటమే తప్ప చేతిలోకి తీసుకున్నది లేదు. తోటివాళ్ళు ఆమెను మడమక్క అని పిలిచేవాళ్ళు. ఆమె పలికేది కూడా.

ఒకసారి ఫ్యాక్టరీలో అందరికీ కాగితాలు పంచారు. ఐదేళ్ళ తర్వాత ఏ పనిలో ఉండాలనుకుంటున్నారో రాయమన్నారు. వదిన దాన్ని ఇంటికి తెచ్చి, వంటింటి గట్టు మీద పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఏం రాయమంటావు?” అని నన్ను అడిగింది.

“నీకేం కావాలో అది రాయి వదినా.”

“అది తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?”

చివరికి ‘ఇక్కడే’ అని రాసి ఇచ్చేసింది. అది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. పదో తరగతి కాగానే ఎవరో చేర్పిస్తే ఆ ఫ్యాక్టరీలో చేరింది. పెళ్ళయి మా ఇంటికొచ్చాక కూడా అదే బస్సు, అదే బల్ల. నీకేది ఇష్టమని ఆమెను అడిగినవాళ్ళు లేరు. ఆమె కూడా తనను తాను అడగలేదు.

ఆ మరుసటి ఏడు మా నాన్న కాలు పోయింది. నాన్న కరెంటు మీటర్లు చూసి రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ మెట్లన్నీ ఎక్కి దిగిన మనిషి. షుగరు ముదిరి, బొటనవేలి మీద లేచిన పుండు పైకి పాకింది. మోకాలి కింద నుంచి తీసేశారు. నాలుగు నెలల తర్వాత పెద్దాసుపత్రిలో కృత్రిమ కాలు ఇచ్చారు. రెండు వారాలు తొడుక్కుని, దాన్ని తలుపు వెనక నిలబెట్టేశాడు.

“ఎందుకు నాన్నా పెట్టుకోవడం లేదు?” అన్నాను.

“అది నా కాలు కాదమ్మా. మనింట్లో అద్దెకు దిగిన మనిషి. దాని పాటికి దాన్ని ఉండనీ.”

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. కుర్చీలోంచి లేవడం మానేశాడు, గెడ్డం గీసుకోవడం మానేశాడు. బస్సు డిపోలో మెకానిక్కైన మా అన్నయ్య బతిమాలి చూశాడు, కోప్పడి చూశాడు. వదిన మాత్రం ఒక ఆదివారం ఆ కాలిని ఒళ్ళో పెట్టుకుని, మోకాలి పైన బిగించే తోలు పట్టీని వేలితో తడిమింది. కుట్టు అంచు లోపలివైపుకు తిరిగి ఉంది. నాన్న చర్మం మీద కందిన గీత సరిగ్గా ఆ చోటే.

“మావయ్యా, ఇది మిమ్మల్ని కోస్తోంది. చెప్పలేదేం?”

“చెప్తే ఏం చేస్తారమ్మా? వాళ్ళిచ్చింది అదే కదా.”

వదిన పట్టీ కుట్లు విప్పింది. అంచును చాకుతో పల్చగా చెక్కి, కుట్టు బయటికి వచ్చేలా మళ్ళీ కుట్టింది. కాలు దూర్చే గూటిలో అడుగున ఒక మెత్త కూడా అంటించింది. మర్నాడు నాన్న దాన్ని తొడుక్కుని గేటు దాకా నడిచి, అరగంట సేపు రోడ్డు చూసి వచ్చాడు. ఆ తర్వాతి రోజు ఎవరూ చెప్పకుండానే తొడుక్కున్నాడు.

నెల తిరిగేసరికి పరీక్ష చేయించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కాళ్ళు తయారుచేసే గది వెనకవైపు ఉంది. నేలంతా తెల్లటి ప్లాస్టర్ పొడి, అరల నిండా పేర్లు రాసిన ప్లాస్టర్ అచ్చులు, జిగురు వాసన. అక్కడి మాస్టారు భారీ మనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు. పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఈ కుట్టు ఎవరిది?”

వదిన నా వెనక్కి జరిగింది. “నాదేనండీ. తప్పయితే విప్పేస్తాను.”

“విప్పొద్దు. మా కుట్టు కంటే బాగుంది. మరి ఈ మెత్త ఎందుకు పెట్టావమ్మా?”

“మెత్తగా ఉంటుందని.”

ఆయన వదిన చేయి పట్టుకుని, నాన్న కాలి చివర ఆమె వేలిని ఆనించాడు. “ఇది ఎముక కొస. దీని మీద ఒత్తిడి పడకూడదు. ఇంకో నెల ఇలాగే నడిచుంటే ఇక్కడ పుండు పడేది. షుగరు మనిషికి పుండు పడితే ఏమవుతుందో మీరు చూశారుగా.”

వదిన మొహం పాలిపోయింది. బస్సు దిగాక, “ఎముక ఎక్కడుందో తెలిస్తే పెట్టేదాన్ని కాదు కదా,” అంది, తనలో తనే అనుకుంటున్నట్టు.

మరుసటి వారం సగం రోజు సెలవు పెట్టి మాస్టారి దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. ఈ పని నేర్చుకోవాలంటే ఏం చదవాలని అడిగింది. ఆయన దాచకుండా చెప్పాడు. ముందు సైన్సుతో పన్నెండో తరగతి, ఆపైన రెండేళ్ళ కోర్సు. ముప్పై అయిదు దాటితే చేర్చుకోరు. అప్పటికి వదినకు ముప్పై ఒకటి.

“ఉద్యోగం అప్పుడే మానకు,” అన్నాడట. “శనివారాలు వచ్చి చూడు. పుండ్ల వాసన, మనుషుల ఏడుపు, వాళ్ళ తిట్లు. దూరం నుంచి చాలామందికి ఈ పని నచ్చుతుంది. దగ్గరికొచ్చాక కూడా నచ్చితే అప్పుడు పుస్తకాలు కొనుక్కో.”

ఆరు నెలలు శనివారాలు వెళ్ళి చూసింది. రెండుసార్లు బయటికొచ్చి వాంతి చేసుకుంది. ఆ తర్వాతే పుస్తకాలు కొంది.

అన్నయ్యకు నచ్చలేదు. “ఈ వయసులో లెక్కలూ సైన్సూనా? మధ్యలో ఆగిపోతే నలుగురిలో నవ్వులపాలవుతావు.”

“నవ్వితే నవ్వనివ్వండి. ఆగిపోతే అప్పుడు చూద్దాం.”

నాన్న మాత్రం వదిన పక్షం. “కరెంటు పాఠం నాకొదిలెయ్యమ్మా,” అని కుర్చీ జరుపుకుని కూర్చునేవాడు. ఎముకల పాఠం వచ్చినప్పుడు తన కాలే చాపి, పెన్సిలుతో గుర్తులు పెట్టించుకునేవాడు. ఆయన నోట ఎప్పుడూ వినని మాట ఒకరోజు విన్నాను. “నీ చేత్తో చేసిన కాలు వేసుకుని మీటర్లు రాసిన వీధులన్నీ ఒకసారి తిరిగొస్తాను.”

ఆ ముచ్చట తీరలేదు. పరీక్షలు నెల ఉందనగా నాన్న గుండె ఆగిపోయింది. వదిన పరీక్షలకు వెళ్ళలేదు. పుస్తకాలు మూటగట్టి అటకెక్కించింది. ఎవరమూ ఆ ఊసెత్తలేదు. ఫ్యాక్టరీకి వెళ్ళడం, రావడం, అంతే.

ఎనిమిది నెలల తర్వాత అన్నయ్య డిపో నుంచి వస్తూ పరీక్ష దరఖాస్తు తెచ్చాడు. తనే అన్నీ నింపి ఆమె ముందు పెట్టాడు.

“సంతకం పెట్టు.”

“ఎందుకండీ ఇప్పుడు? ఎవరి కోసం?”

అన్నయ్యకు మాటలు తక్కువ. “నాన్న కోసమని చదవొద్దు. నీకు అక్కర్లేకపోతే చించెయ్. కావాలనుకుంటే మాత్రం ఇంకో ఏడాది లేదు,” అన్నాడు.

ఆ రోజు వదిన సంతకం పెట్టలేదు. మూడు రోజులు ఆలోచించి పెట్టింది. నాన్న పోయాక కూడా ఆ ప్లాస్టర్ గదికి వెళ్ళాలనిపిస్తోందా అని తేల్చుకోవడానికి ఆ మూడు రోజులు పట్టిందని తర్వాత చెప్పింది.

ముప్పై నాలుగో ఏట కోర్సులో చేరింది. క్లాసులో పిల్లలు ఆంటీ అనేవాళ్ళు. తోలుపనిలో మాత్రం ఆమె బల్ల చుట్టూ చేరేవాళ్ళు. కోర్సు పూర్తయ్యాక అదే ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. మాస్టారు అప్పటికే రిటైరయ్యాడు. జీతం ఫ్యాక్టరీలో కంటే పెద్ద ఎక్కువేం కాదు, నడుం నొప్పి మాత్రం ఎక్కువైంది.

మొన్న ఒక పని మీద ఆ దారిన వెళ్ళి లోపలికి తొంగిచూశాను. ప్రమాదంలో కాలు పోయిన ఒక స్త్రీ, వదిన చేసిన కాలిని గోడ వైపు విసిరేసి కూర్చుని ఉంది. ఆమెకు కాలు చేయడం అది మూడోసారట. వదిన ధైర్యవచనాలేమీ చెప్పలేదు. వెళ్ళి కాలు తెచ్చుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని ఆమె ఎదురుగా కూర్చుంది.

“ఈ పని నచ్చిందా వదినా?” అని టీ తాగేటప్పుడు అడిగాను.

“రోజూ నచ్చుతుందని చెప్పను,” అంది. “మావయ్యకు చెయ్యలేకపోయానని కొన్నిరోజులు చెయ్యి ఆడదు. కానీ పొద్దున లేచి ఎక్కడికి, ఎందుకు పోతున్నానో తెలుస్తోంది. ఇంతకుముందు తెలిసేది కాదు.”

గ్లాసు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. ఆ స్త్రీ ఇంకా కూర్చునే ఉంది. ఈసారి కాలు ఆమే చాపింది.