నాన్న అడిగిన కూలి

వానాకాలం నడిమధ్యలో గొడుగుల కొట్టుకు తాళం వేసిన గొడుగుల వ్యాపారి రంగూన్ పట్నం మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ఆ మొనగాణ్ణి నేనే. మొగల్ వీధిలో ఎవర్నడిగినా చెబుతారు, నవ్వు ఆపుకోగలిగితే. ఎండాకాలమంతా ఈగలు తోలుకున్నవాడికి ఆకాశం దయతలిచి బేరాలు పంపిస్తుంటే, వాటికి వీపు చూపించి, ముసలి తల్లిని వెంటబెట్టుకుని, ఉబ్బిపోయిన సముద్రం మీద ఓడెక్కాను. అదీ ఒక బొమ్మ కోసం. ఇంత గొప్ప తెలివితక్కువ పని మా వీధిలో ఇంతవరకు ఎవడూ చెయ్యలేదు, నా తరవాత చెయ్యబోడు.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నేను కొట్ల మధ్య పెరిగినవాణ్ణి. గోటితో గీకి, వెలుతురులోకి పట్టుకెళ్ళి చూడందే ఏ సరుకూ తీసుకోను. దయ్యాన్ని చూశామని చెప్పినవాళ్ళందరూ చీకట్లోనే చూశారు. చీకట్లో చూసిన సరుకుకు నేను వెల కట్టను. అయితే నాకు జరిగింది పట్టపగలు, నలుగురి మధ్య. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. కళింగపట్నం దగ్గర పల్లె నుంచి కుర్రతనంలో ఓడ మీద వచ్చి, అహ్లోన్ బియ్యం మిల్లులో బస్తాలు మోసి, తరవాత పాత గొడుగులు బాగుచేసి, చివరికి కొట్టు పెట్టాడు. బేరంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ ప్రతాపం వల్లే మా ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటి కూడా లేకుండా పోయింది. ఒకసారి స్టూడియోకి వెళ్ళి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, వెల మీద వాదన మొదలుపెట్టాడు. వెలుతురు తగ్గిపోయి ఫొటోలాయన నల్లగుడ్డ మడిచి పెట్టుకునేదాకా ఆయన వెల దించలేదు, నాన్న పెంచలేదు. “రేపు వాడే తగ్గుతాడు” అంటూ ఇంటికొచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు.

పెద్ద యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకి నాన్న జ్వరంతో పోయాడు. నా చేతులతోనే కొరివి పెట్టాను. ఆ విషయంలో సందేహానికి చోటు లేదు.

నిరుటికి ఆయన పోయి నాలుగేళ్ళు. నిరుడు వానలు మొదలయ్యాక అమ్మ తిండి తగ్గించేసింది. కదిపితే చెప్పింది.

“ఒరే అప్పన్నా, మీ నాన మొకం నాకు గురుతు రావట్లేదురా. గొంతు గురుతుంది. నడక గురుతుంది. మొకం కాడికొస్తే తడిగుడ్డెట్టి తుడిసిన పలకలాగుంది.”

ఆ తరవాత రోజూ నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, నాలో ఆయన్ని వెతుక్కునేది. కాసేపటికి వదిలేసి, “నీది మా పుట్టింటోల్ల మొకం, పనికిరాదు” అనేది. నలభై ఏళ్ళ మొహాన్ని అలా పనికిరాదని పక్కన పెట్టేస్తే ఎవడైనా ఏం చేస్తాడు? నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వు కంచం ముందు కూర్చునేసరికి పోయేది, ఆమె కంచంలో అన్నం అలాగే ఉండేది కనక.

మా కొట్టుకు నాలుగు వీధుల అవతల ఒక వీధి ఉంది. సైనుబోర్డులు రాసేవాళ్ళు, ఫొటోలవాళ్ళు, నాటకాల తెరలు గీసేవాళ్ళు అంతా అక్కడే. మనవాళ్ళు బొమ్మల వీధి అంటారు. ఒక మధ్యాహ్నం పెద్ద వానలో అటు వెళ్తుంటే, ఒక మేడ గుమ్మంలో జనం గుంపుగా కనిపించారు. గుమ్మం పక్కన బోర్డు. పైన బర్మా భాష, దాని కింద ఇంగ్లీషు, అన్నిటికన్నా కింద వంకర తెలుగు అక్షరాలు: “కొత్త బొమ్మలు. ఊరికే చూడవచ్చును.”

ఊరికే అన్న మాట చదవగానే నాకు ఒళ్ళు మండింది. ఊరికే ఇచ్చేవాడు ఎక్కడో వెనకనించి లాగుతాడు, మా వ్యాపారమే అంత. ఎక్కడ లాగుతున్నాడో కనిపెడదామని, వచ్చేటప్పుడు తడిసేవాళ్ళకి నాలుగు గొడుగులు అంటగడదామని, చంకలో కట్టతో మేడెక్కాను.

ఎక్కి నోరు తెరిచాను! దేవుళ్ళు లేరు, రాజులు లేరు. ట్రాము పట్టాల మీద వాననీళ్ళు. సొరకాయ బజ్జీలు వేయిస్తున్న మనిషి మొహం మీద పొయ్యి వెలుగు. బోటాటౌంగ్ గోదాముల గోడ కింద ముడుచుకున్న తడి కుక్క. నేను పుట్టి పెరిగిన రంగూనే, నేను ఒక్కనాడూ చూడని రంగూన్! అమ్ముకోవడానికి ఏమీ లేని వీధుల్ని ఎవరైనా ఇంత శ్రద్ధగా చూస్తారని నాకు తెలియదు. గొడుగుల సంగతి మరిచిపోయి ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు చిన్నపిల్లాడిలా పరుగులు పెట్టాను.

కిటికీ పక్క బొమ్మ దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

నీటిరంగుల్లో అహ్లోన్ జెట్టీ. బియ్యం బస్తాలు, బురద రంగు నది. ఒక బస్తా మీద ఒక ముసలాయన, భుజాన తువ్వాలు. వెల చెప్పేసి, ఇక నీ ఇష్టం అన్నట్టు గడ్డం ఎత్తి కూర్చున్నాడు. ఎడమ కనుబొమ్మలో చీలిక. కుర్రతనంలో బస్తా కొక్కెం తగిలి పడ్డ చీలిక అది. మా నాన్న!

అయినా నచ్చిన సరుకు వైపు చూడకూడదన్నది నా రక్తంలో ఉంది. పక్కనున్న తడి కుక్క బొమ్మను చూపించి వెల అడిగాను. గీసినాయన అక్కడే ఉన్నాడు, పేరు కో తెయిన్. అహ్లోన్‌లో పుట్టిన బర్మా మనిషి, జెట్టీ కూలీల మధ్య తిరిగి మన తెలుగు పట్టుకున్నాడు. కుక్క వెల చెప్పాడు. ఎక్కువన్నాను. తగ్గించాడు. ఇంకా ఎక్కువన్నాను. నవ్వేశాడు.

“అన్నా, నువ్వు కుక్కని బేరం సేత్తన్నావు. కళ్ళేమో ముసలాయన మీదున్నాయి. అది అమ్మను.”

“ఎందుకమ్మవు సయా?” అన్నాను. చేతి విద్య ఉన్నవాళ్ళని బర్మాలో గౌరవంగా అలా పిలుస్తారు.

“ఆయన ఊరికే కూకున్నాడు. ఊరికే కూకున్నాయన్ని అమ్ముకుంటే పాపం గదా.”

ఎప్పుడు కూర్చున్నాడని అడిగాను. మొన్నటి చలికాలంలో, జెట్టీలో, వరసగా కొన్ని ఉదయాలు అన్నాడు. ఇంకా ముందేమో అన్నాను. కాదు, ఈ కాగితాలు కొన్నదే అప్పుడు అన్నాడు. కూలి ఏమీ అడగలేదా అన్నాను. కో తెయిన్ నా భుజం మీది తువ్వాలు లాగి, నా చేతి మీద కప్పి, దాని కింద నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఇలగ సేసినాడు” అన్నాడు.

సంతలో బేరగాళ్ళు పక్కవాడికి తెలియకుండా తువ్వాలు కింద వేళ్ళు నొక్కి వెల చెప్పుకుంటారు. నాన్న నాకది చిన్నప్పుడే నేర్పాడు. దానికి మా ఇద్దరికే తెలిసిన గుర్తు ఒకటి కలిపాడు. నేను ఎవరితోనైనా బేరమాడుతూ తొందరపడితే, పక్కనించి నా చెయ్యి అందుకుని, చిటికెన వేలు మడిచి, ఆ కణుపుతో అరచేతి మధ్య ఒక్క నొక్కు నొక్కేవాడు. ఇక నోరు ముయ్యి, ఇదే ఆఖరి వెల అని. ఆ గుర్తు అమ్మకు కూడా తెలియదు.

తువ్వాలు కింద కో తెయిన్ చిటికెన వేలు మడతపడింది. కణుపు నా అరచేతి మధ్య ఒక్కసారి నొక్కింది.

“నొక్కి, నోటితో ఒక్క మాటన్నాడు. ఊరికే అన్నాడు. అంతే” అన్నాడు కో తెయిన్.

మెట్లు ఎలా దిగానో తెలియదు. గొడుగుల కట్ట అక్కడే వదిలేశాను. ఇంటిదాకా వానలో తడిసి వెళ్ళిన గొడుగుల వ్యాపారిని వీధంతా చూసింది.

మర్నాడు అమ్మను రిక్షాలో తీసుకెళ్ళాను. ఆమెకు ముందుగా ఏమీ చెప్పలేదు. కో తెయిన్‌కి మాత్రం మా నాన్న అని చెప్పాను, పోయాడని చెప్పలేదు. అమ్మ తిన్నగా ఆ బొమ్మ ముందుకెళ్ళి నిలబడింది. ఏడవలేదు. కొంగు సర్దుకుంది.

“ఏటయ్యా, ఇలగైపోనావు?” అంది బొమ్మతో. తరవాత నా వైపు తిరిగింది. “పై పళ్ళు ఊడిపోనాయి సూడరా. పోయినప్పుడున్నాయి గదా.”

అప్పుడు చూశాను. నాన్న పోయేనాటికి జుట్టు సగమే నెరిసింది. బొమ్మలో పూర్తిగా తెల్లబడింది, బుగ్గలు లోపలికి పోయాయి. మేము ఆయన లేకుండా గడిపిన నాలుగేళ్ళూ ఆయన మొహం మీద ఉన్నాయి. అమ్మ మాట విన్న కో తెయిన్ చేతిలో కుంచె కిందపడింది.

“మనిషి లేడా?” అని అడిగాడు నన్ను. తల ఊపాను. అమ్మకు ఎలాగైనా ధైర్యం చెప్పాలనుకున్నాడో ఏమో, “మంచాయనమ్మా. డబ్బులొద్దన్నాడు. ఊరికే అన్నాడు” అన్నాడు.

“ఏటన్నాడు?”

“ఊరికే అన్నాడమ్మా.”

అమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. దొరలూ దొరసానులూ ఆగి చూసేంత గట్టిగా అరిచింది.

“డబ్బులొద్దంటాడేటి ఆ మనిషి! ఒరే అప్పన్నా, మీ నాన పైసా వొదిలీడం నువ్వెప్పుడైనా సూసినావా? ఊరికేరా! మన ఊరికే! తీసికెల్లమన్నాడు. నోరారా కూలి అడిగితే ఒక్కడికీ ఇనబళ్ళేదు!”

పైసాకు పుట్టి పైసాకు పెరిగిన చెవులు నావి. ఆ మాటను ధరగానే విన్నాను. కో తెయిన్ అయితే తెల్లబోయాడు. “అంటే నేను కూలి ఎగ్గొట్టినానా?” అంటూ తనే మేకు మీంచి బొమ్మ దించి అమ్మ చేతుల్లో పెట్టాడు.

వానలు తగ్గాక వెళ్దామన్నాను. “నాలుగేళ్ళాగినాడు, సాలదేటి?” అంది అమ్మ. పక్క గొడుగుల కొట్టు కాదర్ భాయ్ నేను తాళం వేస్తుంటే వచ్చి నా నుదురు పట్టి చూశాడు. “జ్వరం లేదే! పోనీలే, వచ్చేదాకా నీ బేరాలు నేను జాగ్రత్తగా చూసుకుంటాలే” అన్నాడు. చూసుకున్నాడు కూడా.

బొమ్మను రెండు పలకల మధ్య పెట్టి, మైనం పూసిన గొడుగు గుడ్డ రెండు చుట్లు చుట్టి, అంచులు కుట్టేశాను. నీళ్ళు చొరకుండా కుట్టడం నా వృత్తి. ఓడ మీద ఆ కట్టను అమ్మ ఒళ్ళోంచి దించలేదు. అలలు పైకి లేచినప్పుడల్లా దాన్ని తట్టి, “బయపడకు, వొచ్చీసినాం” అనేది. భయంతో బిగుసుకుపోయింది నేనని ఆమెకు తెలిసే ఉంటుంది.

కళింగపట్నంలో పడవల్లో దింపారు. అక్కడినుంచి బండి మీద ఊరు. పినతండ్రి వాకిట్లో చుట్టాలంతా మూగారు. నడినెత్తిన ఎండ. కుట్లు నేనే విప్పాను. ఒక్క కుట్టు కూడా వదులు కాలేదు. గుడ్డ లోపలి వైపు పొడిగా ఉంది.

జెట్టీ ఉంది. నది ఉంది. బస్తాలు ఉన్నాయి. బస్తా మీద ఎవరూ లేరు.

ఆయన కూర్చున్న మేర కాగితం తెల్లగా ఉంది. రంగు కరిగితే కింది బస్తా మీదికి కారాలి, కారలేదు. గీకితే నూగు లేవాలి, లేవలేదు. గోటితో తడిమాను, ఎండకు పట్టి చూశాను. తిరిగొచ్చాక కో తెయిన్‌కి కూడా చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఇక్కడ అసలు కుంచె ఆనించలేదంటే నేనే నమ్ముతాను అన్నాడు.

వాకిట్లో నేను కాగితం తిరగేసి చూస్తుంటే, అమ్మ మాత్రం హాయిగా ఊపిరి తీసుకుని, “దిగీసినాడు” అంది. తరవాత అరుగు మీద కూర్చుని, ఆయన మొహం ఎలా ఉండేదో తోటికోడళ్ళకు చెప్పడం మొదలుపెట్టింది. కనుబొమ్మ చీలిక, చెవి తమ్మె మీది మచ్చ, కోపం వచ్చేముందు అదిరే ముక్కు. నేను మరిచిపోయినవి కూడా చెప్పింది. చెబుతూనే రెండోసారి అన్నం వడ్డించమని అడిగింది.

జెట్టీలో కూర్చున్నది ఎవరు, ఆ నొక్కు ఎవరు చెప్పారు, కుట్టిన కట్టలోంచి మొహం ఎలా పోయింది, ఏదీ తేలలేదు. దయ్యాలంటే నమ్మకం ఇప్పటికీ లేదు. లెక్క మాత్రం రాయాలి.

బొమ్మకు పెట్టింది సున్న. వానాకాలం బేరాలు మొత్తం కాదర్ భాయ్ పెట్టెలోకి పోయాయి. పాతికకు పైగా ఖాతాదార్లు అటే ఉండిపోయారు. మేడ మీద వదిలేసిన గొడుగులు దొరకలేదు. వచ్చిందల్లా మధ్యలో తెల్లగా ఉన్న ఒక కాగితం, అమ్మ తింటున్న అన్నం. టిక్కెట్లు అమ్మకు ఒకటి, నాకు ఒకటి, రానూ పోనూ. వచ్చేటప్పుడు ఇద్దరమే వచ్చాం, అది సరిపోయింది. వెళ్ళేటప్పటిది మాత్రం తక్కువ కట్టాను. ఓడవాళ్ళకి ఇంకా ఒక టిక్కెట్టు డబ్బు ఇవ్వాలి.