సరూర్‌నగర్ చెరువులో వలస బాతులు

వన్యప్రాణుల మీద పరిశోధన అంటే మా అమ్మ నన్ను పులి ఎత్తుకుపోతుందని భయపడింది. తీరా నా అడవి దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న సరూర్‌నగర్ చెరువని తెలిశాక, "ఆ కంపులో ఏం చదువే తల్లీ" అని ముక్కు మూసుకుంది. గుర్రపుడెక్క మధ్య ఈదే బాతులే నా పులులు. ఆ చలికాలం వాటిని చూడలేకపోతే నా పీహెచ్‌డీ మరో ఏడాది వెనక్కి పోతుంది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. బంద్ అంటే జనానికి కష్టం, నాకు పండగ. హారన్లు ఉండవు, బాతులు గట్టు దాకా వచ్చేవి. అలాంటి ఒక బంద్ రోజు పొద్దున్నే బయల్దేరుతుంటే, గుంటూరు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మా నాన్న ఒకటే సలహా ఇచ్చారు. "నోరు మాత్రం తెరవకు. మన యాస తెలిసిపోతుంది."

గట్టు మీద జెండాలతో కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లతో పాటు ఆ ఊరి పెద్దాయన ఒకరు.

"అక్కా, గా దుర్బిన్‌తోని ఏం జూస్తున్నవ్? పోలీసోళ్ల మనిషివా?" అన్నాడొకడు.

పక్షుల గురించి మొదలుపెడితే నేను ఆగను. నాన్న సలహా గాలికి పోయింది. ఇవి ఏడాదంతా ఇక్కడే ఉండేవి, అవి చలికాలంలో హిమాలయాల అవతలి నుంచి వచ్చేవి అని చూపించాను.

"అంటే గవి నాన్‌లోకల్" అని తేల్చేశాడు కుర్రాడు. "మన చెర్ల మేతంత మేస్తున్నయన్నట్టు."

నాకు రోషం పొడుచుకొచ్చింది. బాతుల తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. అవి నాచు తిని బతుకుతాయని, ఇక్కడ గూడు కట్టవని, పిల్లల్ని చెయ్యవని, ఎండలు ముదరగానే వాటి దారిన అవి పోతాయని చెప్పాను. తర్వాత వైవాలో కూడా అంత బాగా వాదించలేదు. "కాబట్టి వీటివల్ల ఎవరికీ నష్టం లేదండీ" అని ముగించాను. నా యాస విన్నాక మా వాళ్లది ఏ ఊరో ఇక వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

కుర్రాళ్లు మొహాలు చూసుకున్నారు. పెద్దాయన బీడీ ఆర్పి, నెమ్మదిగా అడిగాడు. "ఎండకాలం అవి పోతయ్, బాగనే ఉంది. మరి మీరెప్పుడు పోతరు బిడ్డా?"

అందులో కోపం లేదు, తెలుసుకుందామనే అడిగాడు. నేను మూసారాంబాగ్‌లో పుట్టాను. పోవడానికి నాకు ఇంకో ఊరు లేదు. ఆ మాట చెప్పాలంటే బాతుల్ని కాపాడిన వాదనంతా నా మీదికే వస్తుంది. మేం గూడు కట్టాం, పిల్లల్ని కన్నాం, ఎన్ని ఎండలు ముదిరినా కదల్లేదు.

"నేనిక్కడే పుట్టాను" అన్నాను.

"గట్లనా. అయితే కూసొని జూస్కో" అని ఆయన పక్కకు జరిగాడు.

నా ఊళ్లో నాకు ఇంకొకరు చోటివ్వడమేమిటని అప్పుడు కోపం రావాలి. రాలేదు. థాంక్స్ చెప్పి కూర్చున్నాను.