అత్తమ్మ తాళం వేసుకున్న ఫ్రిజ్

మొన్న మా జనగామ ఇంటి ముందు కంపెనీ బండి ఆగింది. పాత ఫ్రిజ్ తీసుకుపోవడానికి వచ్చిన బండి అది. అమ్మిన సామాను ముసలిదైపోతే వెనక్కి తీసుకుని, లోపలి గ్యాసు గాలిలో కలవకుండా సిలిండర్‌లోకి పట్టి, మిగిలినదాన్ని మట్టికీ నీటికీ హాని లేకుండా విడగొట్టే బాధ్యత కంపెనీదేనని ఇప్పుడు చట్టం ఉంది కదా. ఆ కంపెనీలోనే రిటైరై, అదిచ్చే పింఛనుతోనే పొద్దున చాయ్ తాగుతున్నవాణ్ని కనుక నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చిన ఇద్దరూ ఫ్రిజ్‌ను చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫ్రిజ్ తలుపుకి ఇనుప గొళ్లెం, దానికి అరచేయంత తాళం ఉంటే ఎవరైనా అట్లాగే చూస్తారు. లోపల గ్యాసుందా సార్ అని అడిగారు. వచ్చిన కొత్తలోనే పోయిందయ్యా అన్నాను. తొందరలో ఉన్న వాళ్లకు అంతకంటే ఏం చెప్పను? మీరు నా ఈడువాళ్లు, మీకైతే చెప్పుకోవచ్చు.

అప్పట్లో నేను ఆ విదేశీ కంపెనీకి టెంపరరీ మెకానిక్‌ని. ఇటు స్టేషన్ ఘన్‌పూర్, అటు మానుకోట, ఆ పైన మొగుళ్లపల్లి దాకా ఎవరింట్లో ఫ్రిజ్ మూలిగినా స్కూటర్ వేసుకుని పోయేది నేనే. పొమ్మంటే పోవాల్సిన కొలువే అయినా, పెళ్లి మాటల్లో మా నాయిన నోరు జారి, పింఛనున్న కొలువని చెప్పేశారు. అత్తగారి ఊరు మొగుళ్లపల్లిలో నన్ను అందరూ పింఛను అల్లుడనే పిలిచేవాళ్లు. పిలిచినప్పుడల్లా నేను మాట మార్చేవాణ్ని.

మా కంపెనీ అమ్మిన మొదటి రకం ఫ్రిజ్‌కి తాళం ఉండేది. తలుపు గట్టిగా వేస్తే తాళం దానంతట అదే పడేది, మళ్లీ బయటినుంచి తాళంచెవి తిప్పితేనే వచ్చేది. మా దిక్కు ఆడవాళ్లకు ఆ ఫ్రిజ్‌లో నచ్చిందే ఆ తాళం. కరెంటు ఉంటే ఫ్రిజ్, లేకపోతే బీరువా. అప్పటి కరెంటుకి అది చాలావరకు బీరువానే. నర్మెట్టలో ఒకరు విత్తనపు కందులు పోసుకున్నారు, ఎలుక దూరదని. మానుకోట పక్క తండాలో ఒక అక్క అద్దాలు కుట్టిన తన పెళ్లిబట్టలు పెట్టుకుని, తాళంచెవి మెడలో దండకు గుచ్చుకుంది. ఘన్‌పూర్‌లో ఎన్నికలకు నిలబడ్డ ఒక పెద్దమనిషి మైకుసెట్టు పెట్టారు. చల్లగా ఉంటే గొంతు బాగా వస్తుందని ఆయన నమ్మకం.

ఇంతలో, పిల్లలు ఆటకని లోపల దూరితే తలుపు రాదని ఏ దేశంలోనో కోర్టుకెక్కారట. ఆ రకం ఫ్రిజ్‌లన్నీ వెనక్కి తెచ్చి, ఊరికే కొత్తవి ఇవ్వాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఏ తాళం చూసి జనం కొన్నారో ఆ తాళమే ప్రమాదమని కంపెనీ ఒప్పుకుందన్న మాట. నీ హద్దులో ఒక్కటి కూడా మిగలకపోతే నిన్ను పర్మనెంట్ చెయ్యమని రాస్తానన్నారు మా మేనేజరు. పర్మనెంట్ అంటే పింఛను. మా నాయిన అబద్ధాన్ని నిజం చేసుకునే దారి అదొక్కటే కనుక, కందుల్ని కదిలించాను, మైకుసెట్టును బతిమాలాను, అన్నీ బండెక్కించాను. ఒక్కటి మిగిలింది. అది మా అత్తమ్మది.

అల్లుడితో అత్త ఎదురుపడి మాట్లాడని ఇల్లు అది. ఆమె తలుపు చాటున నిలబడి తన బిడ్డతో అనేది, మా ఆవిడ అదే మాట నాకు తిరిగి చెప్పేది, అప్పటిదాకా నేను విననట్టు కూర్చోవాలి.

“బిడ్డా, కొత్తదానికి తాళమే లేదట గదా. తాళం లేని బీరువ నేనేం జేసుకోవాలె? గంత మనిషి నూకితే రాని తలుపు ఏడన్న ఉంటదా, అడుగు మీ ఆయనను.”

అట్లా రెండు పూటలు గడిచాయి. పింఛను నా కళ్ల ముందే జారిపోతోంది. చివరికి మొండికెత్తి, లోపలి కందులూ కారప్పొడి డబ్బాలూ చీరలూ బయటపెట్టించి, అరలు పీకేసి, లోపలినుంచి తలుపు రాదని చూపించడానికి నేనే అందులో ముడుచుకుని కూర్చున్నాను. అప్పట్లో గాలికి కొట్టుకుపోయేంత సన్నగా ఉండేవాణ్ని లెండి. నేను తట్టగానే తియ్యమని మా ఆవిడతో చెప్పాను, తాళంచెవి పట్టుకున్న అత్తమ్మతో ఆమె చెప్పింది, తలుపు పడింది. సరిగ్గా అప్పుడే మేకలు మిరపచేనులో పడ్డాయని ఎవరో కేకేస్తే మా ఆవిడ పరుగెత్తింది.

నేను తట్టాను. తలుపు రాలేదు. గట్టిగా తట్టాను.

“బిడ్డా! మీ ఆయన తలుపు తడుతుండు, తియ్యాల్నా ఏందో జర అడుగు!”

బిడ్డ చేనులో ఉంది. అల్లుడికి నేరుగా జవాబివ్వడం ఎట్లాగో ఆమెకు తెలియదు. లోపల మిగిలిన కారప్పొడి ఘాటుకి తుమ్ము మీద తుమ్ము వచ్చి, గాలి చాలక, తట్టడం ఆపేశాను. నిజం చెబుతున్నాను, భయమేసింది. అప్పుడు వినపడింది.

“అల్లుడా! ఓ అల్లుడా! పాణం జర బిగబట్టుకో, తీస్తున్న!”

పెళ్లయ్యాక ఆమె నన్ను పిలిచిన మొదటి పిలుపు అది. మోకాళ్లు గడ్డానికి ఆనుకుని ఉన్నా అల్లుడి మర్యాద పోతుందా?

“పరేషాన్ గాకుండ్రి అత్తమ్మా, నిమ్మళంగ తియ్యుండ్రి” అన్నాను.

తలుపు తెరిచి, రెండు చేతులా నన్ను బయటికి లాగి, కొంగుతో నా మొహం తుడిచి, అప్పుడు గుర్తొచ్చి తలుపు చాటుకి పరుగెత్తింది. మా ఆవిడ రాగానే ఆ ఫ్రిజ్‌ను ఇప్పుడే బండెక్కించమని చెప్పింది.

నేను పర్మనెంట్ అయ్యాను. అత్తమ్మకు కొత్త ఫ్రిజ్ వచ్చింది. పైకి తాళం వేసుకుంటే మంచిదే కదా, లోపల అరలున్నప్పుడు పిల్లలు దూరరు కదా అని ఆమె ఊళ్లో వడ్రంగం చేసే వడ్లాయనను పిలిపించి దానికి గొళ్లెం కొట్టించింది. మేకు ఫ్రిజ్ పక్కగోడలోని గొట్టంలో దిగి గ్యాసంతా బుస్సుమని పోయింది. ఒక్క బొట్టు గాలిలో కలవనీయొద్దని శిక్షణలో మాతో ప్రమాణం చేయించిన గ్యాసు! బాగుచేస్తానంటే ఒప్పుకోలేదు. ఇప్పుడే బాగుంది, చప్పుడు లేదు అని గోడకు చెప్పింది.

ఆ తర్వాత కూడా ఆమె నాతో నేరుగా మాట్లాడలేదు. అల్లుడు ఇంకో ముద్ద తింటడా అని గోడనే అడిగేది. కానీ ఆ గొంతులో నన్ను పిలిచిన పిలుపు ఉండేది, నాకు తెలిసేది. ఆమె పోయాక ఫ్రిజ్ మా ఇంటికొచ్చింది. ఇప్పుడు మా అల్లుడు మా ఆవిడతో ఫోన్లో గంటలు గంటలు నవ్వుతూ మాట్లాడతాడు. మంచిదే, మధ్యలో ఏ తలుపూ లేదు. కానీ ఒక్క పిలుపును జన్మంతా గుర్తుపెట్టుకునే అవసరం వాడికి రాదు పాపం.

మొన్న మా ఆవిడ ఫ్రిజ్ ఇచ్చేసి తాళంచెవి మాత్రం కొంగున కట్టుకుంది. బండెక్కించేముందు నేను దగ్గరికి పోయి, ఎందుకో తలుపు మీద వేలితో ఒకసారి తట్టాను. లోపల ఎవరున్నారని అన్నట్టు ఆ ఇద్దరూ చూశారు. లోపల ఎవరూ లేరు. పిలవాల్సిన మనిషే బయట లేదు.