గ్రాఫిక్స్ కార్డుకు పాడిబర్రె ధర

ఆ రోజుల్లో నాకు లోకంలో ఒకే ఒక్క శత్రువు ఉండేది: గ్రాఫిక్స్ కార్డు ధర. జిన్నారం దగ్గర మందుల కంపెనీలో నైట్ డ్యూటీలు చేస్తూ, పగలు కంప్యూటర్లో యంత్రాల బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నాను. అది వస్తే డిజైన్ ఆఫీసులో కూర్చోవచ్చు, ఆ ఘాటు వాసన పీల్చే బతుకు తప్పుతుంది. కానీ నా పాత కంప్యూటర్ మందులు వండే రియాక్టర్ బొమ్మను అటు నుంచి ఇటు తిప్పమంటే మొరాయించేది. బొమ్మల్ని చకచకా తిప్పే కార్డు కొందామంటే, ఎక్కడో ఎవరో ఆ కార్డులన్నీ కొనేసి వాటితో కంటికి కనపడని కంప్యూటర్ నాణేలు తవ్వుతున్నారట, అందుకని ధర రెట్టింపట! (వాళ్లు తవ్వుకుంటే ఆ గొయ్యి నేనెందుకు పూడ్చాలి?) మూరెడు కూడా లేని ముక్క, దానికి మూడు ఫ్యాన్లు. మా ఇల్లంతటికీ ఉన్నవి రెండు. ఇది దోపిడీ కాక మరేమిటని కనిపించిన వాళ్లందరి దగ్గరా మండిపడేవాణ్ని.

చివరికి తెగించి సంగారెడ్డి బయల్దేరితే, "అంత ధర వెట్టి తెస్తున్నవు, నేను గూడ సూస్త" అంటూ నాయిన తువ్వాల భుజాన వేసుకుని బస్సెక్కాడు. షాపాయన డబ్బా తెరిచి, "కాకా, గిది ఇప్పటికి కాదు, ఫ్యూచర్‌కు. ముందు ముందు అప్‌డేట్లు వస్తయ్, అప్పుడు సూడు దీని స్పీడు" అన్నాడు. నాయిన కళ్లు చిన్నవి చేశాడు.

"అంటే, ఇంకా సూడి గూడ కట్టని పడ్డకు పాడిబర్రె ధర చెప్తున్నవా?"

నాకు రోషం పొడుచుకొచ్చింది. నెలల తరబడి ధరను తిట్టిపోసిన నేనే షాపాయన తరఫు వకీలునయ్యాను. "నీకు తెల్వదు నాయినా, దీనికి గంత ధర ఉంటది!" అని అరిచాను. నాయిన చలించలేదు. మా దిక్కు బర్రెను కొనాలంటే పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పాలు పిండి చూడనిదే పైసలు చేతిలో పెట్టరు. "రెండు పూటలు నడిపి సూపియ్యి" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

షాపాయన నవ్వుతూ కార్డు బిగించాడు. నా పెన్‌డ్రైవ్‌లోని రియాక్టర్ బొమ్మ తెర మీద బొంగరంలా తిరిగింది. అయిపోయిందనుకుంటే నాయిన లేవలేదు. మధ్యాహ్నమైంది. వచ్చే పోయే గిరాకీలు మమ్మల్ని చూసి నవ్వుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది. పొద్దుగూకే వేళకు షాపాయన దండం పెట్టి మళ్లీ నడిపించాడు. "పొద్దటి లెక్కనే ఉన్నది" అని ఒప్పుకుని, నాయిన తెర వైపు వంగి, "గీ బొమ్మ నువ్వే గీసినవా?" అని అడిగాడు. అవునన్నాను. నాయిన ఇక బేరమాడలేదు, పైసలు ఇచ్చెయ్యమన్నాడు.

షాపాయన చెప్పిన ఫ్యూచర్ ఎన్నడూ రాలేదు. మంచి అప్‌డేట్లన్నీ తర్వాత వచ్చిన కొత్త కార్డులకే పోయాయి. నాణేల పిచ్చి తగ్గాక అదే కార్డు సగం ధరకు దొరికింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. (డిజైన్ ఆఫీసులో ఏసీ కింద కూర్చుని మండుతుంది, అది వేరే మాట.)

ఆ సాయంత్రం బస్సులో పటాన్‌చెరు దాకా ఆ ధరను తిడుతూనే వచ్చాను. నాయిన ఓపిగ్గా విని, "గంత పరేషానైతే వాపస్ ఇద్దాం పా" అన్నాడు. నేను డబ్బాను రెండు చేతులా గుండెకు హత్తుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అప్పటి నాలోని ఆ కోపిష్టిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తాడు.