నూమా పెట్టిన నూనె

జూరా కొండల్లో గడియారాలకు పేరుపడ్డ మా లోక్ల్ ఊరికి బ్లూయెట్ గారి చేతులంటే గురి. పదిహేనో ఏట గడియారాల ఫ్యాక్టరీలో చేరి, వెంట్రుకంత సన్నని స్ప్రింగులు అమరుస్తూ నలభై ఏళ్ళు ఆ కిటికీ పక్క బల్ల వదల్లేదు. నాకు పని నేర్పింది ఆవిడే. నూనె కాస్త ఎక్కువైతే చాలు, "ఏమయ్యా ఎద్గార్, చుక్క పెట్టమన్నానా, తలంటి పొయ్యమన్నానా?" అనేది.

ఆవిడ భర్త నూమా మరమ్మతుల్లో మొనగాడు. ఊరందరి గడియారాలూ సరిచేసేవాడు గాని, తాను మాత్రం ఏనాడూ వేళకు ఇల్లు చేరలేదు. సూప్ చల్లారాక నవ్వుతూ వచ్చేవాడు. ఓ చలికాలం ఉన్నట్టుండి పోయాడు.

ఏడేళ్ళ తర్వాత ఆవిడ తన చేతి గడియారం నా బల్ల మీద పెట్టింది. "అద్దం పగిలింది. మార్చు. అంతే."

అద్దం మార్చాలంటే యంత్రం బయటికి తీయాలి. తీశాను. నూనె ఎండి జిగురైపోయింది. ఇరుసులు అవి తిరిగే కెంపు రాళ్ళలో ఒరుసుకుంటున్నాయి. రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతోంది. గురువుగారి గడియారానికి ఈ గతా అని నా ప్రాణం ఒప్పలేదు. అంతా విప్పి, బెంజీన్‌లో కడిగి, కొత్త నూనె పెట్టాను. ఒరిపిడి పోయి చక్రం హాయిగా ఊగింది. రోజుకు రెండే సెకన్ల తేడా. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఆవిడ ఇంటికి పట్టుకెళ్ళాను.

ఆవిడ చెవి దగ్గర పెట్టుకుంది. ముఖం పాలిపోయింది. "కడిగేశావా?"

"ఇంకొన్నాళ్ళుంటే ఇరుసులు అరిగిపోయేవండీ."

"నాకు చెబుతున్నావా ఆ సంగతి? అది నూమా పెట్టిన నూనె. ఆయన చేత్తో పెట్టిన చివరి నూనె. అరిగితే అరిగేది. నేను అరగట్లేదూ?"

తర్వాత మెల్లగా చెప్పింది. పన్నెండున్నరకు రేడియోలో గంట మోగగానే గడియారం చూసేదట. నాలుగు నిమిషాలు వెనక. "మళ్ళీ ఆలస్యమేనా, పెద్దమనిషీ?" అని తిట్టి, ముల్లు జరిపి, అప్పుడు భోజనానికి కూర్చునేదట. నూనె ఎండడం మొదలైనప్పటి నుంచీ రోజూ.

గడియారం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. "పోనీ, లోపల వేగం మార్చే మీట కాస్త జరిపితే చాలండీ. మళ్ళీ నాలుగు నిమిషాలు వెనకబడేట్టు చేసిస్తాను."

"వద్దులే నాయనా. అది నీ ఆలస్యం అవుతుంది. ఆయనది కాదు."

అప్పుడే రేడియోలో పన్నెండున్నర గంట మోగింది. ఆవిడ అలవాటుగా ముల్లు చూసి, తిట్టడానికి నోరు తెరిచింది. గడియారం సరిగ్గా ఉంది.